ఇరవై మూడేళ్లకు గుర్తొచ్చిన యుద్ధవిమానం

బీటెక్ పట్టా చేతికొచ్చింది. క్యాంపస్‌లోనే ఉద్యోగం దొరికింది. మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు ఫోను కొనడం కూడా అయిపోయింది. అబ్బాయి స్థిరపడ్డాడని చుట్టాలంతా అనుకుంటున్న వేళ, అతన్ని మాత్రం ఒక కోరిక కుదురుగా కూర్చోనివ్వడం లేదు. వాయుసేనలో పైలట్ కావాలి. రిపబ్లిక్ డే పరేడ్ చూస్తున్నప్పుడో, దుండిగల్ వైపు వెళ్తుంటే నెత్తిమీదుగా శిక్షణ విమానం పోయినప్పుడో మొదలైంది ఈ రంధి. ఇంట్లో చెబితే నాన్న నోట మొదట వచ్చే మాట ఒకటే: “ఇప్పుడా? ఇంటర్ అప్పుడే అనాల్సిన మాట కదరా!”

ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరాలంటే వయసు పదహారున్నరకూ పంతొమ్మిదిన్నరకూ మధ్య ఉండాలి. ఆ తలుపు మూసుకుపోయింది. దాని గురించి బాధపడుతూ కూర్చుంటే, తెరిచివున్న తలుపులు కూడా మూసుకుపోతాయి.

డిగ్రీ తర్వాత వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి రెండు ప్రధానమైన దారులున్నాయి. ఒకటి యూపీఎస్సీ జరిపే సీడీఎస్ పరీక్ష. రెండోది వాయుసేన సొంతంగా జరిపే ఏఎఫ్‌క్యాట్. రెండింటికీ వయసు 20 నుంచి 24. ఈ దారిలో వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. 2016 జూన్‌లో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చిన ముగ్గురిలో ఒకరైన భావనా కాంత్ బెంగళూరులో ఇంజనీరింగ్ చదివారు. టీసీఎస్‌లో ఉద్యోగానికి ఎంపికయ్యాక ఇటు తిరిగారు. 2019లో మిగ్-21 మీద పగటివేళ యుద్ధ విధులకు అర్హత సంపాదించారు. నావికాదళంలో 2019 డిసెంబరులో తొలి మహిళా పైలట్ అయిన శివాంగి కూడా ఇంజనీరింగ్ ముగించి, జైపూర్‌లో ఎంటెక్ చదువుతూ యూనిఫామ్ వైపు వచ్చినవారే.

మరి ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ దెబ్బతింటున్నారు? ధైర్యం దగ్గరా? తెలివి దగ్గరా? చాలామంది వరస దగ్గర దెబ్బతింటున్నారు. ముందు రాజీనామా చేస్తారు. తర్వాత కోచింగ్, ఆపైన పరీక్ష, అన్నిటికంటే ఆఖర్న కంటి డాక్టరు. ఈ వరసను సరిగ్గా తిరగెయ్యాలి. ఖర్చు లేని పనులు ముందు, వెనక్కి తీసుకోలేని పనులు చివర. కింద చెప్పినవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

1. పుట్టినతేదీని కోర్సు తేదీతో లెక్కించండి

“24 ఏళ్లదాకా టైముంది” అనుకునేవాళ్లు ఒక చిన్న లెక్క వెయ్యాలి. వయసును చూసేది దరఖాస్తు నాటికి కాదు, పరీక్ష నాటికీ కాదు. శిక్షణ మొదలయ్యే నెల ఒకటో తారీఖు నాటికి చూస్తారు. ఏఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. సంవత్సరం మొదట్లో రాసే పరీక్ష మరుసటి జనవరి కోర్సుకు, ఆగస్టు ప్రాంతంలో రాసేది మరుసటి జూలై కోర్సుకు.

2002 ఆగస్టు 10న పుట్టిన కుర్రాణ్ని ఒకణ్ని ఊహించుకోండి. 2026 జూలై 1 నాటికి అతనికి ఇంకా 24 నిండవు కాబట్టి అర్హుడే. తర్వాతి కోర్సు 2027 జనవరిది. అప్పటికి 24 దాటి నాలుగు నెలలు గడిచిపోతాయి కాబట్టి కాడు. అంటే అతనికి ఆఖరి కోర్సు 2026 జూలైది. దాని పరీక్ష 2025 ఆగస్టులో జరిగింది. దరఖాస్తులు తీసుకున్నది జూన్‌లో. ఆ జూన్‌లో అతని వయసెంత? 22 ఏళ్ల 10 నెలలు! కాగితం మీద 24 అని ఉన్నది చేతల్లోకొచ్చేసరికి ఇరవై మూడు లోపే అయిపోతుంది. తనకింకా ఏడాది ఉందనుకుని ఆ వేసవి సెలవులకు గోవా వెళ్లివుంటే, అతని ఫ్లయింగ్ బ్రాంచి కథ ముగిసినట్టే.

ఇంకో మెలిక ఉంది. ఇది మన ఊళ్లలో పుట్టినవాళ్లకు బాగా తెలిసిన మెలిక. పిల్లాణ్ని బళ్లో వేసేటప్పుడు మాస్టారు వయసు చాలడానికి ఆరేడు నెలలు కలిపి ఏదో జూన్ తారీఖు రాసేసి ఉంటారు. అమ్మ చెప్పే తిథి ఒకటి, పదో తరగతి మెమోలో ఉన్నది ఇంకొకటి. లెక్కకొచ్చేది మెమోలో ఉన్నదే. ఇప్పుడు దిద్దించుకుందామంటే యూపీఎస్సీ ఒప్పుకోదు. కాబట్టి ముందు బీరువాలోంచి మెమో తీసి, తారీఖు చూసి, ఆ తర్వాతే కేలండర్ ముందు కూర్చోండి.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. చదువు ఆలస్యమైనవాళ్లకు, మధ్యలో ఏడాది పోగొట్టుకున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. పట్టా వచ్చేదాకా ఆగుదామని ఆగకూడదు.

2. ఇంటర్ మెమో చూసుకోండి

ఇది రెండు నిమిషాల పని. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ రెండూ ఉండాలి, ఏఎఫ్‌క్యాట్‌కైతే ఒక్కోదాంట్లో కనీసం 50 శాతం రావాలి. డిగ్రీలో, అది ఏ డిగ్రీ అయినా, 60 శాతం. ఎంపీసీ వాళ్లకు ఇబ్బంది లేదు. బైపీసీ వాళ్లకు ఫ్లయింగ్ బ్రాంచి లేదు, అంతే. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాళ్లు మాత్రం నోటిఫికేషన్‌లో ఈ వాక్యం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, సందేహం ఉంటే ముందుగానే రాసి అడగాలి. ఇంటర్వ్యూ బోర్డు దాకా పోయి సర్టిఫికెట్ల దగ్గర వెనక్కి రావడం కంటే ఇదే నయం.

3. టేపు తీసుకుని గోడకు ఆనుకోండి

పైలట్‌కు ఎత్తు ఒక్కటే సరిపోదు. కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, దానితోపాటు మరో మూడు కొలతలున్నాయి. కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్లు. కాలి పొడవు 99 నుంచి 120. తొడ పొడవు 64కు మించకూడదు.

ఎందుకిన్ని కొలతలు? కాక్‌పిట్ కుర్చీ ఎవరికి వారు కుట్టించుకునే చొక్కా లాంటిది కాదు. పెడల్ అందాలి, తల పైకప్పుకు తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపోవాల్సి వస్తే మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కు కొట్టుకోకూడదు. తొడ పొడవుకు గట్టి హద్దు పెట్టింది అందుకే.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. నేలమీద గోడకు వీపు, పిరుదులు ఆనించి కాళ్లు చాపితే గోడనుంచి మడమదాకా కాలి పొడవు. గట్టి బల్లమీద కూర్చుంటే పిరుదుల వెనకనుంచి మోకాలి ముందుభాగం దాకా తొడ పొడవు. బల్లనుంచి నడినెత్తిదాకా కూర్చున్న ఎత్తు. తమ్ముడి చేతికి టేపు ఇచ్చి కొలిపించండి, మీకు మీరు కొలుచుకుంటే రెండు సెంటీమీటర్లు మీకే అనుకూలంగా వస్తాయి. హద్దుకు బాగా లోపల ఉంటే సరే. అరసెంటీమీటరు అటూ ఇటూ అయితే ఇంటి టేపును నమ్మి నిరాశపడొద్దు, ఆ తీర్పు వాయుసేన డాక్టర్లది. అయిదారు సెంటీమీటర్ల తేడా ఉంటే మాత్రం ఏ వ్యాయామమూ దాన్ని మార్చదు. ఆ సంగతి ఉద్యోగం చేతిలో ఉండగానే తెలియడం మంచిది.

4. కంటి డాక్టరు దగ్గరికి కోచింగ్ సెంటర్ కంటే ముందు వెళ్లండి

ఫ్లయింగ్ బ్రాంచి ఆశ పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమందిని ఆపేది కన్నే. దగ్గరి చూపు బాగుండి దూరం మసకగా కనిపించే మయోపియా, అంటే మైనస్ నంబరు, పైలట్లకు ఒప్పుకోరు. ఒక కన్ను 6/6, రెండోది 6/9 దాకా ఉండొచ్చు గానీ ఆ సడలింపు ప్లస్ నంబరు ఉన్నవాళ్లకు మాత్రమే. రంగులు గుర్తించడంలో ఏ లోపమూ ఉండకూడదు. నాలుగేళ్లు ఇంజనీరింగ్, ఏడాదిన్నర ల్యాప్‌టాప్ ముందు గడిపినవాళ్లు “నాకు అద్దాలు లేవుగా” అని ధీమాగా ఉంటారు. అద్దాలు లేకపోవడం వేరు, నంబరు లేకపోవడం వేరు. చుక్కల మందు వేసి, కనుపాప పెద్దదయ్యాక చేసే పరీక్షలోనే అసలు నంబరు తేలుతుంది. డాక్టరుతో ఊరికే కళ్లు చూడమని అనకండి. పైలట్ పరీక్షకు వెళ్తున్నానని, డైలేట్ చేసి చూడమని చెప్పండి. రంగుల చుక్కల్లో అంకెలు చదివించే పరీక్ష కూడా అక్కడే చేయించుకోండి.

నంబరు తీసేసే లేసిక్ ఆపరేషన్ సంగతేమిటి? వాయుసేన దాన్ని పూర్తిగా కాదనదు. షరతులు మాత్రం గట్టివి. ఆపరేషన్ ఇరవై ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి, అయి కనీసం 12 నెలలు గడవాలి, అంతకుముందు నంబరు 6 దాటి ఉండకూడదు. పైలట్ కాబోయేవాళ్లకు ఆపరేషన్ తర్వాత నంబరేమీ మిగలకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇక్కడ అసలు చిక్కు ఆ 12 నెలలే. ఇరవై మూడో పుట్టినరోజు చేసుకుని లేసిక్‌కు వెళ్తే, ఆ గడువు తీరేసరికి ఆఖరి కోర్సు తలుపు మూసుకుపోయి ఉంటుంది. మొదటి అంశంలో వేసుకున్న కేలండర్‌ను పక్కన పెట్టుకునే డాక్టరుతో తేదీ మాట్లాడాలి.

అయినా బోర్డు డాక్టరు ఒకసారి కాదన్నంత మాత్రాన కథ అయిపోదు. అప్పీలు చేసుకునే హక్కు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాయల్ ఫ్లయింగ్ కోర్ కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్‌ని చూపు బాలేదని తిప్పి పంపింది. అతను మోటారు సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరుకు చూపించుకుని ఆ తీర్పును మార్పించుకున్నాడని చెబుతారు. 1918 జూలైలో రెండు వారాల్లోపే పది విజయాలు సాధించి, ఆ నెలలోనే ఆకాశయుద్ధంలో చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు.

5. జీవితంలో ఒక్కసారే రాసే పరీక్షను ‘శాంపిల్’గా వాడొద్దు

రాతపరీక్ష గురించి ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏఎఫ్‌క్యాట్‌లో రెండు గంటల్లో వంద ప్రశ్నలు, ఒప్పుకు మూడు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఇంగ్లీషు, లెక్కలు, రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్. ఎంసెట్ గట్టెక్కినవాళ్లకు ఇది కొండేమీ కాదు. అసలు కథ మైసూరు, డెహ్రాడూన్, వారణాసి, గాంధీనగర్ లాంటి చోట్ల ఉండే ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డుల్లో మొదలవుతుంది. మొదటి రోజే వడపోత: తర్కం ప్రశ్నలు, ఒక మసక బొమ్మను ముప్ఫై సెకన్లు చూపించి కథ రాయించడం, ఆ కథమీద గుంపులో చర్చ. అందులో ఆగినవాళ్లు ఆ సాయంత్రమే రైలెక్కుతారు.

వీటిని ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఒక్కటి మాత్రం రాయలేరు. ఫ్లయింగ్ బ్రాంచికి ఎంపికయ్యేవాళ్లకు పెట్టే కంప్యూటర్ పరీక్ష పేరు సీపీఎస్ఎస్. దాన్ని జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే ఎయిర్‌ఫోర్స్ పైలట్ మాట మళ్లీ ఎత్తలేరు, తర్వాత ఏ ఎంట్రీలో వచ్చినా సరే. మన కుర్రాళ్లలో ఒక అలవాటుంది: “మొదటిసారి అనుభవం కోసం వెళ్లొద్దాం, రెండోసారి సీరియస్‌గా చూద్దాం.” గ్రూప్ వన్‌కు ఆ పద్ధతి నడవొచ్చు. ఇక్కడ బెడిసికొడుతుంది.

ఇంతకీ ఆ పరీక్షలో ఏముంటుంది? ఒక భాగం కాక్‌పిట్ గడియారాలను చదవడం. ముందు ఏ ముల్లు ఏం చెబుతుందో నేర్పుతారు, వెంటనే ప్రశ్నలు అడుగుతారు. ఎత్తు చెప్పే ఆల్టీమీటర్‌లో పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేల అడుగులు. పొట్టిది నాలుగు దాటి అయిదుకు ఇవతల ఉంది, పొడుగుది మూడుమీద ఉంది. ఎత్తెంత? 4,300 అడుగులు. దిక్సూచి 270 చూపిస్తోంది, అంటే ముక్కు పడమటికి. ఎడమకు తిరిగితే అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుంది. ఇలాంటివి అయిదారు గడియారాలు ఒకేసారి ఇచ్చి, విమానం ఎక్కుతోందా, దిగుతోందా, ఏ పక్కకు వాలిందో సెకన్లలో చెప్పమంటారు. కష్టం లెక్కలో ఉండదు, వేగంలో ఉంటుంది.

రెండో భాగం చేతులకూ కాళ్లకూ. చేతిలో జాయ్‌స్టిక్, పాదాల కింద పెడల్స్. తెరమీద ఒక చుక్క ఎప్పుడూ పక్కకు జారిపోతుంటుంది. దాన్ని మధ్యలో నిలపాలి. ఆ పనిలో ఉండగా ఎక్కడో దీపం వెలుగుతుంది, ఎక్కడో బీప్ మోగుతుంది. వాటికీ స్పందించాలి. దీపం కోసం కంగారుపడితే చుక్క జారిపోతుంది, చుక్కనే అంటిపెట్టుకుంటే దీపం తప్పిపోతుంది. దీన్ని బట్టీ పట్టలేం. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గడియారాలు చదవడం పది రోజుల సాధనతో వేగంగా వస్తుంది. జాయ్‌స్టిక్ ఎప్పుడూ ముట్టనివాళ్లు ఇంట్లో కంప్యూటర్ ఫ్లయిట్ సిమ్యులేటర్‌తో రెండు మూడు నెలలు చెయ్యి తిప్పుకుంటే కొత్త పోతుంది. ముందురోజు రాత్రి కంటినిండా నిద్ర పోవడం అన్నిటికంటే ముఖ్యం. రైల్లో నిలబడి వచ్చి నేరుగా బోర్డు గేటు దగ్గర దిగేవాళ్లు ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకుంటే చాలు.

6. “ఇంత ఆలస్యంగా ఎందుకు?”

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. బోర్డులో ఇంటర్వ్యూ చేసే అధికారి మీ ఫారం చూస్తూనే అడుగుతారు: ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ ఎందుకు రాయలేదు?

చాలామంది ఇచ్చే జవాబు: “నాన్నగారు ఒప్పుకోలేదు సార్.” దాంతో తర్వాతి ప్రశ్న తయారైపోతుంది. ఇప్పుడు ఒప్పుకున్నారా? ఒప్పుకోకపోతే ఏం చేస్తావు? ఇక వరసగా అయిదు నిమిషాలు నాన్నగారి మీదే నడుస్తుంది.

నిజం చెప్పడమే సులువు. “అప్పట్లో అలాంటి పరీక్ష ఉందనే తెలియదు సార్. మా కాలేజీలో ఎంసెట్ తప్ప వేరే మాట వినపడేది కాదు. మూడో సంవత్సరంలో తెలిసింది. ఆరోజు నుంచి ఇవీ నేను చేసిన పనులు.” ఆ చివరి వాక్యం దగ్గర మీ చేతిలో ఏముందన్నదే చూస్తారు. పరుగు మొదలుపెట్టారా? ఏ జట్టుకైనా నాయకత్వం వహించారా? విమానాల గురించి యూట్యూబ్ వీడియోలు చూడటం తప్ప ఇంకేమైనా చేశారా? ఉద్యోగం చేసిన ఏడాదిన్నరను దాచుకోవాల్సిన పనిలేదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే నలుగుర్ని లేపి పని నడిపించిన అనుభవం పందొమ్మిదేళ్ల పిల్లాడికి ఉండదు. అది మీ దగ్గరుంది, చెప్పండి.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. వ్యాకరణం తప్పులకు మార్కులు కొయ్యరు. పదిమంది ఒకేసారి అరుస్తున్నప్పుడు మీ మాట వినిపించిందా, పక్కవాడి మాట మీరు విన్నారా అన్నది చూస్తారు.

7. రాజీనామా ఆఖర్న

బోర్డు నుంచి ‘రికమెండెడ్’ అనే మాట వినగానే స్వీట్లు పంచి, మరునాడే మేనేజర్‌కు మెయిల్ పెట్టేవాళ్లున్నారు. కొంచెం ఆగండి. రికమెండెడ్ అంటే చేరిపోయినట్టు కాదు. ఆ తర్వాత వైద్య పరీక్షలు ఉంటాయి. అవి దాటాక ఆలిండియా మెరిట్ జాబితా వస్తుంది. ఖాళీలు ఎన్ని ఉంటే అంతవరకే పిలుపు. రికమెండ్ అయి, మెడికల్ కూడా దాటి, జాబితాలో పేరు లేక మళ్లీ మొదటికొచ్చినవాళ్లు ప్రతి కోర్సులోనూ ఉంటారు. జాయినింగ్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా. ఐటీ కంపెనీల మూడు నెలల నోటీసు పీరియడ్ అడ్డమొస్తుందని భయముంటే, ముందుగానే హెచ్‌ఆర్‌తో మాట్లాడి బయ్‌అవుట్ లెక్క తెలుసుకుని పెట్టుకోండి.

ఇంట్లో ఇంకో ఫైలు నడుస్తుంటుంది, పెళ్లిచూపుల ఫైలు. ఇరవై అయిదేళ్లలోపు వాళ్లు చేరేనాటికి అవివాహితులై ఉండాలి, శిక్షణ కాలంలో పెళ్లి చేసుకోకూడదు. మంచి సంబంధం వచ్చిందని పెద్దవాళ్లు తొందరపడుతుంటే చూపించడానికి ఈ నిబంధన బాగా పనికొస్తుంది.

శరీరం సంగతి కూడా ఉద్యోగంలో ఉండగానే చూసుకోవాలి. అకాడమీలో చేరేనాటికి కనీసం 1.6 కిలోమీటర్లు పది నిమిషాల్లో పరుగెత్తగలగాలి, పది పుషప్‌లు, మూడు చినప్‌లు తియ్యగలగాలి అంటుంది వాయుసేన. పరుగు, పుషప్‌లు అందరికీ వస్తాయి. కుర్చీ ఉద్యోగం చేసినవాళ్లకు ఆ మూడు చినప్‌ల దగ్గరే ఊపిరాడదు. ఒక్కటి రావడానికే కొందరికి రెండు నెలలు పడుతుంది. ఇవాళ మొదలుపెట్టాల్సిన పని అదే.

24 దాటిపోయినవాళ్లకు

ఇక్కడినుంచి దారి ఇరుకు. అయినా దారి ఉంది.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నవాళ్లకు వాయుసేన 26 ఏళ్లదాకా సడలింపు ఇస్తుంది. నావికాదళంలో పైలట్ ఎంట్రీకి మామూలుగా 24, లైసెన్సు ఉంటే 25. ఇది విని, లైసెన్స్ కోసం అప్పు చెయ్యడానికి పరుగెత్తొద్దు. ఆ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు వగైరా పేపర్లు రాయాలి. నలభై యాభై లక్షల ఖర్చు, చాలాసార్లు రెండేళ్ల సమయం. 24 ఏళ్లవాడు ఆ రెండేళ్లూ గడిపేసరికి ఆ సడలింపు కూడా కరిగిపోయి ఉంటుంది. ఈ నియమం లైసెన్స్ ఇప్పటికే చేతిలో ఉండి, విమానయాన సంస్థల పిలుపు కోసం చూస్తున్నవాళ్లకు. అమెరికాలోనో దక్షిణాఫ్రికాలోనో శిక్షణ పొంది వచ్చినవాళ్లు ఆ దేశపు లైసెన్స్‌ను ముందు డీజీసీఏ లైసెన్స్‌గా మార్చుకోవాలి.

ఇంకా బలమైన దారి ఆర్మీ మీదుగా వెళ్తుంది. దాని మర్మం చెప్పే కథ ఒకటి వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది: రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన అమెరికన్ అడ్మిరల్ విలియం హాల్సీ 52వ ఏట, 1935లో, పైలట్ వింగ్స్ సంపాదించాడని. అది నిజమే. ఆయనకంటే ముందు, 1927లో, ఎర్నెస్ట్ కింగ్ 48 ఏళ్లకు సంపాదించాడు. చూశారా, వయసు అంకె మాత్రమే అని ఆ పుస్తకాలు అక్కడితో ఆపేస్తాయి. ఆ కథలో పనికొచ్చే ముక్క వేరే ఉంది. విమానవాహక నౌకకు కెప్టెన్ కావాలంటే పైలటో, విమాన పరిశీలకుడో అయి ఉండాలని 1926లో అమెరికా చట్టం చేసింది. హాల్సీకి సులువైన పరిశీలకుడి కోర్సు సరిపోయేది. ఆయన పట్టుబట్టి పైలట్ కోర్సే చేశాడు. వీధిలోంచి వచ్చిన 52 ఏళ్ల మనిషికి ఏ సైన్యమూ విమానం ఇవ్వదు. అప్పటికే యూనిఫామ్‌లో ఉన్నవాడికి, సైన్యానికి అవసరమైనప్పుడు ఇస్తుంది.

మన దేశంలోనూ అంతే. సైన్యానికి సొంత హెలికాప్టర్ల విభాగం ఉంది, ఆర్మీ ఏవియేషన్ కోర్. అందులోకి వేరే విభాగాల అధికారులు కూడా స్వచ్ఛందంగా దరఖాస్తు పెట్టుకుని రావచ్చు. అభిలాషా బరాక్ 2018లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో అధికారిగా చేరారు. 2021లో మహిళా అధికారులకు పైలట్ అవకాశం వచ్చినప్పుడు 15 మంది ముందుకొచ్చారు. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష, వైద్య పరీక్ష దాటి మిగిలింది ఇద్దరు. 2022 మే నెలలో నాసిక్‌లో వింగ్స్ అందుకుని ఆర్మీ ఏవియేషన్‌లో తొలి మహిళా కంబాట్ ఏవియేటర్ అయ్యారు బరాక్.

ఈ దారి ఇంజనీర్లకు ఎందుకు ముఖ్యం? సైన్యంలో ఇంజనీరింగ్ పట్టభద్రుల ఎంట్రీలు, అంటే టీజీసీ, ఎస్‌ఎస్‌సీ టెక్, 27 ఏళ్లదాకా తెరిచి ఉంటాయి. జాగ్రత్త ఒక్కటే. హెలికాప్టర్ దొరుకుతుందని హామీ ఏమీ లేదు. ముందు సైనికాధికారిగా బతకడం ఇష్టమై ఉండాలి, సియాచిన్ పోస్టింగ్ అయినా, జైసల్మేర్ ఎండ అయినా. కాక్‌పిట్ ఒక్కటే కావాలనుకునేవాళ్లు ఇందులోకి వచ్చి బాధపడతారు, తోటివాళ్లనూ బాధపెడతారు.

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి. అక్కడి వాయుసేన 33 ఏళ్లలోపు పైలట్ శిక్షణ మొదలుపెట్టనిస్తుంది. నేషనల్ గార్డ్, రిజర్వ్ స్క్వాడ్రన్లు తమ పైలట్లను తామే ఎంచుకుంటాయి, అందుకే ఆశావహులు ముందుగా ఆ యూనిట్లకు వెళ్లి మనుషుల్ని పరిచయం చేసుకుంటారు. వింగ్స్ వచ్చాక పదేళ్లు సేవ చెయ్యాలి. వినడానికి ఉదారంగా ఉంది కదా? కానీ అధికారి కావాలంటే పౌరసత్వం తప్పనిసరి. ఎంఎస్‌కు వెళ్లి, హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్లకు 33లోపు ఆ కాగితం రావడం దాదాపు కుదరని పని. ఈ అవకాశం అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలది. అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన అమెరికా వాయుసేన పైలట్, తెలంగాణ మూలాలున్న రాజా చారి అలా అక్కడే పుట్టినవారు.

27 కూడా దాటాక భారత సైన్యంలో పైలట్ కావాలని వెతికేవాళ్లకు కోచింగ్ సెంటర్లు ఏవో ఆశలు చూపించొచ్చు. డబ్బు కట్టకండి. బయటినుంచి నేరుగా సైనిక పైలట్ అయ్యే మార్గం ఆ వయసుకు లేదు. ఎగరాలన్నదే కోరిక అయితే పౌర విమానయానం ఉంది. హైదరాబాద్ బేగంపేటలోనే పాత ఫ్లయింగ్ స్కూలు ఉంది, కమర్షియల్ లైసెన్స్‌కు డీజీసీఏ కనీస వయసే 18 పెట్టింది. యూనిఫామే కోరిక అయితే టెరిటోరియల్ ఆర్మీ ఉద్యోగం చేసుకుంటూనే అధికారిగా చేరడానికి 42 ఏళ్లదాకా అవకాశమిస్తుంది. అందులో కాక్‌పిట్ ఉండదు, ఏడాదిలో కొన్ని వారాలు శిక్షణ, అవసరమైతే పిలుపు ఉంటాయి. ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకున్నాకే దరఖాస్తు ఫారం నింపడం మంచిది.